మూడో నంబరు జెర్సీ

కొడుకుని అమెరికన్ ఫుట్‌బాల్ ఆటగాడిగా చూపించి పెద్ద యూనివర్సిటీలో సీటు కొట్టెయ్యాలని హరనాథ్ నిశ్చయించుకునే నాటికి, ఆ కొడుకు జన్మలో ఒక్కసారి కూడా బంతిని తన్నలేదు.

అదేమంత అడ్డంకిగా ఆయనకి తోచలేదు. అమెరికాలోని అల్ఫారెట్టాలో ఇరవై ఏళ్ళుగా మేనేజరుగిరీ వెలగబెడుతున్న మనిషికి, లేని అనుభవాన్ని రెజ్యూమెలో ఎలా ఎక్కించాలో ఒకరు చెప్పాలా? పక్కవీధి రాధాకృష్ణ కొడుక్కి పేరున్న యూనివర్సిటీలో సీటొచ్చిన దగ్గర్నుంచి హరనాథ్‌కి గుడిలో పులిహోర కూడా గొంతు దిగడం లేదు. తన కొడుకు శ్రేయాస్ మార్కులు అంతంతమాత్రం. ఇక మిగిలింది ఆటే.

వారం రోజులు కూర్చుని అరవై నాలుగు కాలేజీలతో ఎక్సెల్ షీట్ తయారుచేశాడు. ఎక్కడ చదువు గట్టిది, ఎక్కడ ఫుట్‌బాల్‌కి నిధులు ధారాళం, ఎక్కడ ఫుల్ స్కాలర్‌షిప్ ఇస్తారు, అన్నీ రంగులు వేసి మరీ పెట్టాడు.

కూతురు ఇషా వెనకనుంచి తొంగిచూసింది. “బయోమెడికల్ ఇంజనీరింగ్‌కి కూడా ఒక కాలమ్ యాడ్ చెయ్యి నాన్నా.”

“వాడు చదివేది కంప్యూటర్ సైన్స్ కదే! అదెందుకు?”

“ఊరికే. కంపేర్ చెయ్యడానికి.”

సరే, ఒక కాలమే కదా అని పెట్టాడు.

శ్రేయాస్, ఇషా కవలలు. ఇద్దరికీ కాలేజీ ఒకేసారి. ఇషాకి అన్నిట్లోనూ ఏ గ్రేడులే, అయినా ఆడపిల్ల ఇంటి దగ్గరి కాలేజీకి కార్‌లో వెళ్ళొస్తే చాలని హరనాథ్ ఎప్పుడో తేల్చేశాడు. దూరం వెళ్ళి చదువుతానని ఆ పిల్ల వారం రోజులు ఏడ్చింది. తర్వాత అడగడం మానేసింది. బుద్ధొచ్చిందనుకున్నాడు.

ఇప్పుడు కావలసింది వీడియో. ఆటగాళ్ళని ఎంచుకునే కోచ్‌లు ముందు చూసేది అదే. స్కూలు టీమ్ మ్యాచ్‌లన్నీ ఆన్‌లైన్‌లో ఉన్నాయి. హరనాథ్ ఒక్క మ్యాచ్‌కీ వెళ్ళిన పాపాన పోలేదు గానీ, అవన్నీ కూర్చుని చూశాడు. మూడో నంబరు జెర్సీ వేసుకున్న కిక్కర్ దగ్గర ఆయన కళ్ళు ఆగాయి. సన్నగా, శ్రేయాస్ ఎత్తే. హెల్మెట్‌కి అడ్డంగా ఉన్న కడ్డీల వెనక మొహం కనబడదు. పైగా కిక్కర్‌కి కుస్తీలేం లేవు. ఎప్పుడో పిలిస్తే వచ్చి, బంతిని రెండు కర్రల మధ్య నుంచి తన్ని, మళ్ళీ వెళ్ళి కూర్చోవడమే. ఇంత సుఖమైన ఉద్యోగం తమ ఆఫీస్‌లో కూడా లేదు.

“ఈ మూడో నంబరు ఎవరే?” అని ఇషాని అడిగాడు.

“పెద్దగా ఎవరూ పట్టించుకోరు నాన్నా. వాళ్ళ డాడ్ కూడా గేమ్స్‌కి రారట.”

“మరీ మంచిది. వీడి కిక్కులన్నీ ఏరి మనవాడి వీడియో చెయ్యి. సీటొచ్చాక మోకాలు నొప్పంటే సరి, ఆడక్కర్లేదు. అప్లికేషన్ కూడా నువ్వే నింపెయ్యి.”

మేనేజరయ్యాక ఆయన సొంతంగా ఒక్క ఫారం నింపలేదు, ఒక్క కాగితం చదవలేదు.

శుక్రవారం కూచిపూడి క్లాస్ ఉందంటూ, రెండు రోజుల్లో పని ముగించింది ఇషా.

“పేరూ అదీ చూసుకున్నావా?”

“కరెక్ట్ పేరే వేశాను నాన్నా.”

నెల తిరక్కుండా షీట్‌లో ఆకుపచ్చ రంగు వేసిన మొట్టమొదటి యూనివర్సిటీ నుంచి కోచ్ ఇంటికే వచ్చాడు. హరనాథ్ భార్య రేణు ఆయనకి అల్లం టీ ఇచ్చింది. శ్రేయాస్ మోకాలికి పట్టీ కట్టుకుని సోఫాలో కూర్చున్నాడు. కొత్త జెర్సీ వెనక ధర చీటీ ఇంకా వేలాడుతూనే ఉంది.

“ఆ మార్కులు చూసి మా డీన్ తెగ ముచ్చటపడ్డారు,” అన్నాడు కోచ్.

మార్కులు కూడా మార్చేసిందన్నమాట! తండ్రికి తగ్గ కూతురని హరనాథ్ లోలోపల మురిసిపోయాడు.

“ఫుల్ స్కాలర్‌షిప్. అగ్రిమెంట్ మీద తండ్రి సంతకం కావాలి.”

హరనాథ్ అలవాటు ప్రకారం చదవకుండానే చివరి పేజీ తిప్పి సంతకం గిలికేశాడు. రాధాకృష్ణకి ఫోన్ ఎప్పుడు చెయ్యాలా అని చెయ్యి దురద పెడుతోంది.

“పోయిన శుక్రవారం గేమ్‌కి నేనే వచ్చాను,” అన్నాడు కోచ్ కాగితాలు సర్దుకుంటూ. “నలభై ఏడు గజాల కిక్! కళ్ళారా చూశాను.”

హెల్మెట్ ఉండబట్టి బతికిపోయాం అనుకున్నాడు హరనాథ్. “మావాడి కాలి బలం అలాంటిది,” అన్నాడు పైకి.

“హెల్మెట్ తీశాక చెయ్యి కలిపి అరగంట మాట్లాడాను కూడా.”

సంతకం తడి ఇంకా ఆరలేదు. ఇంటికొచ్చి మరీ పట్టుకున్నారు, పరువు గంగలో కలిసింది, రాధాకృష్ణ పడీ పడీ నవ్వుతాడు. హరనాథ్ ఏదో అబద్ధం వెతుక్కుంటూ ఉండగానే, కోచ్ లేచి చెయ్యి చాపుతూ ముందుకొచ్చాడు. శ్రేయాస్ కూడా భయంభయంగా చెయ్యి చాపాడు. కోచ్ వాణ్ణి దాటుకుని మెట్ల దగ్గరికి వెళ్ళాడు.

అక్కడ కూచిపూడి బ్యాగుతో నిలబడ్డ ఇషా ఆయనతో చెయ్యి కలిపి, బ్యాగు జిప్ తీసి, మట్టి కొట్టుకుపోయిన మూడో నంబరు జెర్సీ పైకి తీసింది. “చెప్పాను కదా నాన్నా, కరెక్ట్ పేరే వేశానని.”