కెరిద్వెన్‌కు రుజువు

"ఈ పేరు సర్కారు ఒప్పుకున్న పేర్ల జాబితాలో లేదు," అని ఫారం వెనక్కి తోశాడు జననాలు నమోదు చేసే గుమాస్తా ఓయార్సున్.

"జాబితాలో లేకపోతేనేం? మా పిల్లకి ఉంటుంది," అన్నాడు ఎమ్లిన్.

"ఇది అర్జెంటీనా. వేల్సు కాదు. మరియా ఉంది, రోసా ఉంది, కార్మెన్ ఉంది. ఏదో ఒకటి అనండి, రాసేస్తాను."

"మావాళ్లు వేల్సు నుంచి వచ్చి ఇక్కడ ఓడ దిగి నూరేళ్లు దాటింది. ఈ లోయలో కాలవలన్నీ తవ్వింది వాళ్లే. పిల్లకి మా పేరొకటి పెట్టుకోకూడదా?"

"కాలవలకి పెట్టుకోండి. ఎవరొద్దన్నారు?"

ఎమ్లిన్ పక్కన అతని అత్తగారు నిటారుగా కూర్చుని ఉంది. ఒళ్లో ఇంటి బైబిలు. బిడ్డ పుట్టిన నలభై రోజుల్లోగా పేరు రాయించాలి. ఇది నలభయ్యో రోజు. ఇవాళ దాటితే గుమాస్తాయే జాబితాలోంచి ఒకటి రాసేస్తాడు. ఆ తర్వాత మార్చడానికి వీల్లేదు.

ఆవిడ బైబిలు మొదటి పేజీ తెరిచి బల్ల మీద పెట్టింది. "ఇదిగో నాయనా. మా ఇంట్లో పుట్టినవాళ్లందరూ ఇందులో ఉన్నారు. ఇది మా నాయనమ్మ, కెరిద్వెన్. ఇది నేను, కెరిద్వెన్. ఇప్పుడు నా మనవరాలు."

"ముద్ర ఉందా?"

"దేవుడి పుస్తకానికి ముద్రేమిటయ్యా?"

"మా ప్రార్థన మందిరం వెనకాల సమాధి రాయి మీద కూడా ఉందండీ," అన్నాడు ఎమ్లిన్.

"రాయికీ ముద్ర ఉండదు." ఓయార్సున్ లావుపాటి నిబంధనల పుస్తకం తీసి ఒకచోట వేలు పెట్టాడు. "ఆ పేరు ఇంతకు ముందు ఈ రాష్ట్రంలో ఏ సర్కారు కాగితం మీదైనా ముద్రతో సహా ఉంటే రాయొచ్చు. అమ్మగారిది అదే పేరంటున్నారుగా. గుర్తింపు కార్డు ఇవ్వండి, పనైపోతుంది."

ఆవిడ సంచీ విప్పలేదు. గుమాస్తా చాపిన చెయ్యి అలాగే ఉంచాడు. చివరికి తీసి ఇచ్చింది.

"కార్మెన్ ఎవాన్స్," అని చదివాడు అతను.

ఎమ్లిన్ తల తిప్పాడు. "అత్తయ్యా?"

"నేను పుట్టినప్పుడు ఈ కుర్చీలో ఇంకొకడు ఉండేవాడు," అంది ఆవిడ. "జాబితాలో లేదన్నాడు. మా నాన్న టోపీ చేత్తో పట్టుకుని సరేనన్నాడు. బడిలో కార్మెన్. ఓటుకి కార్మెన్. పెళ్లి కాగితంలోనూ కార్మెనే. అరవై ఎనిమిదేళ్లు. ఒక్క కాగితం మీదైనా ఆ పేరు చూసి పోదామనుకున్నాను."

ఓయార్సున్ గడియారం వంక చూశాడు. "పన్నెండుకి మూసేస్తాను. కార్మెన్ అని రాసేయమంటారా? అమ్మమ్మ పేరు పెట్టినట్టూ ఉంటుంది."

ఆవిడ బైబిలు మూసి, దాని తోలు పట్టీ బిగించసాగింది. పట్టీ రంధ్రంలోకి దూరడం లేదు. ఎమ్లిన్ ఆ వేళ్ల వంక కాసేపు చూశాడు.

"ఒక కాగితం ఉందండీ," అన్నాడు.

"ఏం కాగితం?" అంది అత్తగారు.

"ట్రక్కులో ఉంది. అత్తయ్యా, మీరు కాసేపు బయట ఎండలో కూర్చుంటారా?"

"నాకెందుకు ఎండ?"

ట్రక్కు గుమ్మం ముందే ఉంది. అయినా ఎమ్లిన్ తిరిగి రావడానికి ఒక సిగరెట్టు కాలేంత సేపు పట్టింది. కాగితాన్ని బోర్లించి బల్ల మీద పెట్టాడు. ఓయార్సున్ తిప్పి చూశాడు. నీలం రిబ్బను, ఎర్ర లక్క ముద్ర.

"రాష్ట్ర పశు ప్రదర్శన," అని మొదలుపెట్టాడు. "మొదటి బహుమతి. పేరు, కెరిద్వెన్. మెరినో జాతి ఆడ గొర్రె."

"పైకి చదవక్కర్లేదండీ."

"రుజువుని పైకి చదవాలి. నిబంధన. వయసు అయిదేళ్లు. మూతి పొడుగు. స్వభావం, ఎవరి మాటా వినదు, మందలో అడ్డొచ్చిన ప్రతిదాన్నీ కుమ్ముతుంది. యజమాని..." ఓయార్సున్ దగ్గాడు. "యజమాని, ఎమ్లిన్ ప్రోబర్ట్."

ఎమ్లిన్ తన బూట్లు చూసుకున్నాడు.

"అది సర్కారు ముద్రేనా?" అని అడిగింది అత్తగారు.

"అవునమ్మా. గవర్నరు సంతకం కూడా ఉంది."

"ఆ పేరు మనిషికే ఉండి తీరాలని నీ పుస్తకంలో ఉందా?"

ఓయార్సున్ ఆ పేజీ చదివాడు. దాని వెనక పేజీ కూడా చదివాడు. "లేదు."

"అయితే రాయి."

రాశాడు. ముద్ర గుద్దాడు. ఆవిడ కాగితం అందుకుని పేరు కింద వేలు పెట్టి ఒకసారి చదివింది. మళ్లీ చదివింది. తడి ముద్ర అంటుకోకుండా ఊది, బైబిల్లో పెట్టుకుంది. ఈసారి పట్టీ వెంటనే దూరింది.

ట్రక్కు ఊరు దాటింది. గాలికి పాప్లార్ చెట్లన్నీ ఒకేవైపు వంగి ఉన్నాయి. వంతెన కూడా దాటింది.

"మంచి గొర్రె, అత్తయ్యా," అన్నాడు ఎమ్లిన్, రోడ్డు మీంచి చూపు తిప్పకుండా.

"ఉన్ని ఎలా ఇస్తుంది?"

"మందలో దాన్ని మించింది లేదు."

"ఊఁ." ఆవిడ తలగుడ్డ ముడి విప్పి మళ్లీ కట్టుకుంది. "మా ఎమ్లిన్ కూడా మంచి పొట్టేలే. శనివారం కోశాం. ఆదివారం నువ్వే ఇంకో రెండు ముక్కలు అడిగి మరీ వేయించుకున్నావు."