సొరకాయ పట్టే సంచి

సంచిలో కొబ్బరికాయ పట్టింది. వంకాయ కూడా పట్టింది. సొరకాయ దగ్గరే పేచీ వచ్చింది.

తెరెసా దాన్ని నిలువుగా పెట్టి చూసింది. తొడిమ బయటికి పొడుచుకొచ్చింది.

అడ్డంగా పెడితే జిప్పు పడలేదు.

“గింత మంచి సంచి కూరగాయలకా బిడ్డా?” కుట్టుమిషను ఆపి అడిగింది మల్లమ్మ.

ఫిల్మ్ నగర్‌లో స్టూడియో గేటుకు ఎదురుగా మల్లమ్మ రేకుల షెడ్డు. షూటింగులకు కావలసిన సంచులన్నీ అక్కడే పుడతాయి. పోస్ట్‌మాన్ భుజాన వేలాడేదీ, దొంగలు నోట్ల కట్టలు కుక్కేదీ అన్నీ మల్లమ్మ కుట్టినవే.

“కూరగాయలకు కాదమ్మా. కెమెరాకి.”

మల్లమ్మ సొరకాయ వంక చూసింది. ఆ తర్వాత తెరెసా వంక చూసింది.

తెరెసాకి నవ్వొచ్చింది.

“మా ఆయన స్టిల్ ఫోటోగ్రాఫరమ్మా. పన్నెండేళ్లు ఇంకొకరి దగ్గర అసిస్టెంటుగా చేశారు. ఈ సోమవారం నుంచి సొంతంగా తొలి సినిమా. కెమెరా, లెన్సులు సెకండ్‌హ్యాండ్‌లో కొన్నారు. తువ్వాల్లో చుట్టి బీరువాలో దాచుకుంటున్నారు. ఎవర్నీ ముట్టనివ్వరు.”

“గందుకని సొరకాయ తెచ్చినవా?”

“ఆయన స్నానానికి వెళ్లినప్పుడు బడిలో పిల్లలకి లెక్కలు చెప్పే స్కేలుతో అన్నీ కొలిచాను. ఇవాళ ఒంటిపూట బడి వదలగానే మోతీనగర్ మార్కెట్లో ఆ స్కేలు పెట్టే ఏరాను. కొబ్బరికాయ కెమెరా. వంకాయ ఫ్లాషు. సొరకాయ పెద్ద లెన్సు.”

“మరి గీ నిమ్మకాయలు?”

“ఫిల్ము రోల్స్.”

మల్లమ్మ పొట్ట పట్టుకుని నవ్వింది. నవ్వి నవ్వి, కొంగుతో కళ్లు తుడుచుకుని, పైన వేలాడుతున్న నల్ల సంచి ఒకటి కర్రతో దించింది. లోతైన సంచి. లోపల మెత్తటి స్పాంజి, మధ్యలో రెండు అడ్డాలు.

కొబ్బరికాయ దిగింది. వంకాయ దిగింది. సొరకాయ ఊపిరి పీల్చుకున్నట్టు సుఖంగా కూర్చుంది. నిమ్మకాయలు ముందు జేబులో సర్దుకున్నాయి.

“ఇదిచ్చేయమ్మా!” అంది తెరెసా.

మల్లమ్మ ఇవ్వలేదు.

“నీ పెనిమిటి పేరేంది?”

“జోజి.”

“కుడి భుజం జర వంచి నడుస్తడు?”

తెరెసా చెయ్యి సంచి మీదే ఆగిపోయింది. పన్నెండేళ్లు ఇంకొకరి సామాను మోసిన భుజం అది. ఇంట్లో ప్రతి చొక్కాకీ కుడి భుజం దగ్గరే కుట్టు ఊడుతుంది.

“అవును.”

“అయితే ఈ సంచి ఆయన తీసుకోడు బిడ్డా. ఆరు దినాల సంది రోజూ వస్తుండు. ఉన్న సంచులన్నీ దింపిస్తడు. కెమెరా తేడు, లెన్సు తేడు. టిఫిను డబ్బా పెట్టి సూస్తడు.”

“టిఫిను డబ్బానా?”

“సామానుదేముంది, ఎట్లనన్న పట్టిస్త, డబ్బా పట్టాలె అంటడు. షూటింగుల అన్నం పెడ్తరు గద సారూ అని నేనన్న. ఆ అన్నం వేరు, మా ఇంటి అన్నం వేరు అన్నడు.”

షూటింగులో బిర్యానీ పెట్టిన రోజు కూడా డబ్బా ఖాళీగానే తిరిగొచ్చేది. ఎవరికో ఇచ్చేస్తున్నాడని ఇన్నేళ్లూ అనుకుంది.

తెరెసా తన చేతిసంచి తెరిచి బడికి తీసుకెళ్లే స్టీలు డబ్బా బయటికి తీసింది.

“ఇదే సైజమ్మా. ఇద్దరివీ ఒకేసారి కొన్నాం.”

నల్ల సంచిలో అది పట్టలేదు. సొరకాయ తీస్తే పట్టింది.

ఇద్దరూ సంచి వంక చూశారు.

మల్లమ్మ కత్తెర అందుకుంది.

“అర్ధగంట కూసో. పక్కన ఇంకో అర కుడ్త. లోపల రెగ్జిన్ ఏస్త. పచ్చడి నూనె కారితే లెన్సు ఖరాబైతది మల్ల.”

మిషను కదిలింది. కుడుతూ కుడుతూనే అడిగింది మల్లమ్మ.

“గంతగనం ఏం పెడ్తవ్ బిడ్డా ఆ డబ్బల?”

“ఏముందమ్మా, దొండకాయ వేపుడు, పప్పు. ఒక్కోరోజు పచ్చడీ మజ్జిగాను.”

“గంతేనా?”

“అంతే.”

ఆదివారం సాయంత్రం చర్చి నుంచి వచ్చాక తెరెసా సంచి తీసి మంచం మీద పెట్టింది.

జోజి ముందు దాన్ని చూశాడు. తర్వాత ముట్టుకున్నాడు. తాళ్లు లాగి చూశాడు, జిప్పు రెండుసార్లు తీసి మూశాడు, స్పాంజి నొక్కాడు. చివరికి పక్క అరలో చెయ్యి పెట్టాడు.

రెగ్జిన్ చేతికి తగిలింది.

“మల్లమ్మ చెప్పేసిందా?”

“ఏ మల్లమ్మండీ?” అంది తెరెసా.

జోజి నవ్వాడు. చెవులు ఎర్రబడేదాకా నవ్వాడు.

సంచి ఎడమ భుజానికి వేసుకుని బీరువా అద్దం ముందు నిలబడ్డాడు. ఇటు తిరిగాడు. అటు తిరిగాడు. హాల్లోకి నడిచి, బాల్కనీలోకి వెళ్లి, పక్కింటి అనసూయమ్మ గారు పలకరిస్తే అవసరానికి మించి కబుర్లు చెప్పి వచ్చాడు.

అన్నానికి కూడా అలాగే కూర్చున్నాడు.

“ఖాళీ సంచే కదండీ. పక్కన పెట్టి తినండి.”

“బరువుగా ఉంది తెరెసా” అన్నాడు జోజి.

దించలేదు.