ఊఁ కొట్టే మనిషి

"అమ్మాయ్, నీ కారు కీచుమంటోంది."

పెట్రోలు బంకులో కారు స్టార్టు చేస్తున్న టైలరమ్మ తల తిప్పి చూసింది. కిటికీ పక్కన ఎవరో పెద్దాయన. ఇస్త్రీ చొక్కా, చేతిలో గొడుగు.

"తెలుసండీ. పాత కారు. ఈమధ్యే బ్రోకరు దగ్గర కొన్నాను."

"అది బెల్టు. వదులైంది, అంతే. నడిపేటప్పుడు ఇంకేమైనా వినబడుతున్నాయా?"

"ఒకటా రెండా? ఇది కారు కాదు బాబాయ్ గారూ, గిన్నెల బీరువా."

నవ్వుతూనే అంది గానీ, లోపల బెంగగానే ఉంది. చెల్లెలికి నెలలు నిండుతున్నాయి. పోయినసారి వేళకి బండి దొరక్క బిడ్డ దక్కలేదు. ఈసారి అలా కాకూడదనే ఈ కారు కొంది. తీరా చూస్తే ఇదే దారిలో ఆగిపోయేలా ఉంది.

"బస్సు నడిపి రిటైరయ్యాను. కాసేపు పక్కన కూర్చుని వింటాను, అభ్యంతరం లేకపోతే" అన్నాడాయన.

ముక్కూ మొహం తెలియని మనిషి. అయినా డోరు తీసింది. అవసరం అలాంటిది మరి.

"అద్దాలు దించు. ఆ గోడ వారగా పోనీ. గోడకి తగిలితే చప్పుడు బాగా తెలుస్తుంది. ఇప్పుడు ఎడమకి తిప్పు. ఇక కుడికి."

కళ్ళు మూసుకుని విన్నాడు.

"ఎడమకి తిప్పితే హోరు పెరుగుతోంది. అంటే కుడి చక్రం బేరింగు పోతోంది. నడిరోడ్డు మీద ఆపేసేది అదే. ముందు దాన్ని మార్పించు."

ఇంతలో స్పీడ్ బ్రేకరు వచ్చింది. కింద 'టక్' మంది. వెనక డోరులో గలగలమంది.

"ఊఁ" అన్నాడు పెద్దాయన.

"అదేంటి బాబాయ్ గారూ?"

"టక్కుమన్నది కింద రబ్బరు బుష్షు. మార్చాలి."

"మరి ఆ గలగల?"

"అది జబ్బు కాదులే అమ్మా. దాన్ని ఉండనీ."

ఆ తర్వాత రోజూ పొద్దున్నే టైలరమ్మ దుకాణానికి బయల్దేరే వేళకి వీధి చివర నిలబడేవాడు. కారెక్కేవాడు. షెడ్డుకి తనే వెంటవచ్చి, దగ్గరుండి బేరింగు మార్పించాడు, బెల్టు బిగించాడు, బుష్షులు వేయించాడు. కారు చప్పుళ్ళు ఒక్కొక్కటిగా ఆగిపోయాయి. వెనక డోరులో గలగల ఒక్కటే మిగిలింది. అది మోగినప్పుడల్లా ఆయన తల కొంచెం వెనక్కి తిప్పి "ఊఁ" అనేవాడు.

"ఎవరో కథ చెబుతున్నట్టు ఆ ఊఁ కొట్టడం ఏమిటే అక్కా?" అంది చెల్లెలు ఓ రోజు.

"పెద్దతనం."

"పెద్దతనం కాదు, గడుసుతనం. ఆ ఒక్క చప్పుడూ కావాలనే అట్టేపెట్టాడు. అదీ పోతే రోజూ కారెక్కడానికి వంకేదీ?"

ఆ మాట టైలరమ్మ మనసులో నాటుకుంది. ఆయనకి చెప్పకుండా ఒక్కతే షెడ్డుకి వెళ్ళింది.

మెకానిక్కు డోరు అట్ట ఊడదీసి చెయ్యి పెట్టాడు. చారెడు గుండీలు బయటికి తీశాడు. ఎరుపు, పసుపు, ఆకుపచ్చ.

"పిల్లల పనమ్మా. అద్దం సందులోంచి వేసుంటారు."

రంగు గుండీలు కనిపిస్తే టైలరు ప్రాణం ఊరుకుంటుందా? కడిగి, తుడిచి, ఆర్డరున్న గౌన్లకి కుట్టేసింది. సాయంత్రానికి ఎవరి గౌను వాళ్ళు పట్టుకుపోయారు.

మర్నాడు పెద్దాయన మామూలుగానే ఎక్కాడు. స్పీడ్ బ్రేకరు వచ్చింది. తల వెనక్కి తిప్పాడు. కారు చప్పుడు లేకుండా దాటింది. ఇంకొకటి వచ్చింది. అదీ దాటింది.

"పోయిందా?" అన్నాడు.

"పోయింది బాబాయ్ గారూ. ఏముంది, డోరులో గుండీలు" అంది టైలరమ్మ, దొంగని పట్టుకున్నట్టు.

"ఏవమ్మా అవి?"

"పిల్లల గౌన్లకి కుట్టేశాను. అన్నీ అయిపోయాయి."

ఆయన వెనక్కి చెయ్యి చాచి ఆ డోరు తడిమాడు.

"పిల్లల గౌన్లకేనా?"

"అవును."

"అయితే మంచిదేలే. ఇక్కడ ఆపమ్మా. ఇక కారుకి ఏ ఢోకా లేదు. చెల్లెల్ని ధైర్యంగా తీసుకెళ్ళు."

గొడుగు సీట్లోనే మర్చిపోయి దిగిపోయాడు. వెనక నుంచి ఎంత పిలిచినా వినిపించుకోలేదు.

ఆ తర్వాత వీధి చివర ఎవరూ నిలబడలేదు. ఓ తెల్లవారుజామున చెల్లెలికి నొప్పులొచ్చాయి. కారు కిక్కురుమనకుండా ఆసుపత్రికి చేర్చింది. ఆడపిల్ల. తల్లీబిడ్డా క్షేమం.

మళ్ళీ దుకాణం తెరిచాక, కారు అమ్మిన బ్రోకరు ప్యాంటు నడుము వదులు చేయించుకోవడానికి వచ్చాడు.

"కారెలా ఉందమ్మా?"

"బంగారం. ఓ పెద్దాయన దగ్గరుండి బాగుచేయించాడు. ఇదిగో, గొడుగు కూడా మర్చిపోయాడు."

బ్రోకరు గొడుగు పిడి మీద చెక్కిన పేరు చదివాడు.

"మా వీధిలో ఆయనే. ఆ కారు ఆయనదేనమ్మా. కూతురు పోయాక చూడలేక అమ్మేశాడు. మనసాగక తిరిగి కొనుక్కుంటానని వచ్చాడు. ఎవరో కాన్పు కోసం కొనుక్కున్నారని చెప్పాను. అయితే అడగొద్దులే అని, నువ్వుండేదెక్కడో కనుక్కుని వెళ్ళాడు."

టైలరమ్మ సూది పక్కన పెట్టింది.

"ఇప్పుడెక్కడున్నాడు?"

"ఇల్లు ఖాళీ చేసి వెళ్ళిపోయాడు. ఎక్కడికో ఎవరికీ చెప్పలేదు."

"డోరులో గుండీలున్నాయి..." అంది.

"ఆ పిల్లవే. పాపం, దానికి మాటలు రావు. వెనక సీట్లో కూర్చుని గుండీల డబ్బా గలగలలాడించిందంటే నాన్నని పిలిచినట్టు, ముందు నుంచి ఆయన 'ఊఁ' అనేవాడు."