చిట్టగాంగ్ శిష్యుడు

"అదిగో, మళ్ళీ చెవిలో దూరిపోయాడు," అని చినబాబు సుత్తి కింద పడేశాడు.

కొలిమి దగ్గర భుజంగరావు పట్టకారుతో ఉలి పట్టుకుని నిలబడ్డాడు. ఆయన భుజానికి భుజం ఆనించి మొయినుల్. వాడేదో గొణిగాడు. మరుక్షణం భుజంగరావు ఉలిని నీళ్ళ తొట్టిలో ముంచేశాడు.

మొయినుల్‌ది బంగ్లాదేశ్‌లోని చిట్టగాంగ్. పక్కపక్క పేదదేశాలు ఒకరి చేతిపని ఒకరు నేర్చుకోవాలని ప్రభుత్వాలు రాసుకున్న ఒప్పందం మీద ఆర్నెల్ల ట్రైనింగ్‌కి భిలాయి ఉక్కు ఫ్యాక్టరీకి వచ్చాడు. సెక్టర్ 7 హాస్టల్లో ఉంటాడు. వచ్చి నాలుగు నెలలయింది. నాలుగు నెలల్నుంచీ చినబాబుకి తిన్నది ఒంటబట్టడం లేదు.

ఉలికి గట్టిదనం ఇవ్వడం రెప్పపాటు పని. కాల్చి, మొన ముంచి తీస్తే, వెనకున్న వేడి మొనవైపు పాకుతూ రంగులు తెస్తుంది. ముందు ఎండుగడ్డి రంగు, తర్వాత వంకాయ రంగు, ఆపైన నీలం. ఏ పనిముట్టుని ఏ రంగు దగ్గర మళ్ళీ ముంచాలో ఆ షాపులో భుజంగరావొక్కడికే తెలుసు. ముందు ముంచితే మొన పుటుక్కుమంటుంది, ఆలస్యమైతే వంగిపోతుంది. పంతొమ్మిదేళ్ళుగా పక్కనే సుత్తి కొడుతున్న చినబాబు ఎప్పుడడిగినా, "చూస్తా ఉండరా, అదే వస్తాది," అనేవాడు పెద్దాయన. ఏం రావడం, నా బొంద.

ఈ నెలాఖరుకి భుజంగరావు రిటైరు. ఈలోగా ఆ పని ఎవరికైనా పట్టుబడకపోతే కొలిమి మూసేసి మనుషుల్ని తలో షాపుకీ పంచేస్తామని ఫోర్‌మన్ చెప్పేశాడు. నలభై నాలుగేళ్ళొచ్చాక ఇంకో షాపులో మొదట్నుంచి హెల్పరుగా మొదలెట్టడం అంటే చినబాబుకి ప్రాణం పోయినట్టే ఉంది.

"అడిగి చూడరాదా?" అని ఆ పొద్దున్నే ఇంటి దగ్గర భార్య వనజాక్షి అన్నం డబ్బా కడుతూ అంది.

"ఎన్నిసార్లు అడగమంటావే? ఆ మొయినుల్‌గాడు రోజూ సైకిల్ తొక్కుకొచ్చి, ఈయన్ని కేరియర్ మీద కూచోబెట్టుకుని తీసుకెళ్తాడు. ముప్పయ్యేళ్ళు సొంత సైకిల్ తొక్కిన మనిషి, ఇప్పుడు రాజాలాగ వెనక కూచుంటున్నాడు. కాకా పట్టడమంటే అదీ."

"శ్రీకాకుళంలో మనూరివాడు కదా, మనకి సెప్పకుండా పరాయోడికి సెప్తాడా?"

"సెప్తన్నాడు. నా కళ్ళతో సూస్తన్నాను కదా."

అందుకే ఇప్పుడు కొలిమి దగ్గర చినబాబు ఇక ఊరుకోదలుచుకోలేదు. చెప్పులు విప్పేసి, చప్పుడు కాకుండా వాళ్ళిద్దరి వెనక్కి చేరాడు. మొయినుల్ గొంతు ఈసారి స్పష్టంగా వినబడింది.

"ఎండుగడ్డి... ఎండుగడ్డి... వంకాయ."

చినబాబుకి ఒళ్ళు మండిపోయింది. బెంగాలీ తప్ప హిందీయే సరిగా రానివాడి నోట శ్రీకాకుళం మాటలు. అంటే పాఠం తెలుగులోనే సాగుతోందన్నమాట. ఒక్కడుగు ముందుకేసి సరిగ్గా భుజంగరావు ఎదురుగా నిలబడ్డాడు.

"ఎవడది అడ్డంగా?" అన్నాడు భుజంగరావు.

పంతొమ్మిదేళ్ళు పక్కన నిలబడ్డవాణ్ణి పట్టుకుని ఎవడని అడుగుతాడా.

"నేనే మావా. చినబాబుని. మరిచిపోయావేటి అప్పుడే?"

పెద్దాయన తడబడ్డాడు. "నువ్వట్రా. పొగలో సరిగా సూడనేదు. పో, నీ పని సూసుకో."

పొగ ఎక్కడుందో చినబాబుకి కనబడలేదు. నెల తిరక్కుండా పోయే మనిషికి ఇంత కక్కుర్తి దేనికో కూడా అర్థం కాలేదు. చిట్టగాంగ్ వాళ్ళు నిపుణుడని ఈయన్ని పిలిపించుకుంటారేమో, అందుకే వాణ్ణి చంకనెత్తుకుంటున్నాడేమో. ఆ ఆలోచన రాగానే మిగిలిన గౌరవమూ పోయింది.

టీ వేళకి మొయినుల్‌ని చెయ్యి పట్టుకుని లాక్కెళ్ళి, షాపు వెనక ఇనుప తుక్కు పక్కన నిలబెట్టాడు.

"సచ్ బోల్. ఆయన చెవిలో రోజూ ఏమడుగుతున్నావ్?"

"ఏమీ అడగను భయ్యా," అన్నాడు మొయినుల్ వచ్చీరాని హిందీలో, తలొంచుకుని.

"అబద్ధం. నా చెవులతో విన్నాను. మధ్యాహ్నం ట్రైనింగ్ ఆఫీసుకెళ్ళి రాసిస్తాను. ఒప్పందంలో లేని రహస్యాలు లాగుతున్నావని రాస్తాను. రేపే బండెక్కిస్తారు నిన్ను."

మొయినుల్ మొహం పాలిపోయింది. "నన్ను పంపించెయ్యండి, ఫర్వాలేదు. భుజంగరావు కాకాని మాత్రం ఆఫీసుకి పిలిపించకండి."

"ఓహో, అంత ప్రేమా? దేనికి?"

"చెప్పనని కాకాకి మాటిచ్చాను. రిటైరయ్యేదాకా."

"నీకేంరా, మాటిచ్చి నీ ఊరు పోతావు. కొలిమి మూస్తే రోడ్డున పడేది నేను. నా ఇంట్లో ముగ్గురు తినేవాళ్ళున్నారు. ఆ విద్యేదో నాకు చెప్పు, ఏ ఆఫీసుకీ వెళ్ళను."

"నాకూ ఆ విద్య తెలీదు భయ్యా. ఎప్పుడు ముంచాలన్నది కాకాకే తెలుసు. అల్లా సాక్షి."

"మరి నాలుగు నెలలుగా ఏం నేర్చుకున్నావ్?"

"మీ రంగుల పేర్లు నేర్చుకున్నాను. అవే చెబుతుంటాను."

"ఎవరికి?"

"కాకాకి."

చినబాబుకి నవ్వూ కోపమూ ఒకేసారి వచ్చాయి. "ముప్పయ్యేళ్ళు కొలిమి ముందు నిలబడ్డ మనిషికి రంగు నువ్వు చెప్పాలా? ఎందుకట?"

మొయినుల్ చుట్టూ ఒకసారి చూసి, గొంతు బాగా తగ్గించాడు.

"కాకాకి చూపు పోయింది భయ్యా."