ఎదురుగాలి లాభాలు

నవంబరు వానలో నిలువునా తడిసి, నీళ్ళోడుతూ రూలొఫ్ ఆఫీసులోకి అడుగుపెట్టాడు. బూట్లు విప్పి వంచితే చిన్న కాలవ పారింది.

“సైకిలు తొక్కితే గుండెకి మంచిది,” అన్నాడు, ఎవరూ అడక్కుండానే.

గుండె సంగతి దేవుడెరుగు. ముక్కు మాత్రం అప్పటికే ఎర్రగా వాచిపోయింది.

మా డచ్చి ఊరు గ్రోనింగెన్‌లో సైకిలు గొప్పదనం చెప్పడమంటే చేపలకి ఈత పాఠం చెప్పడమే. మా ఊళ్ళో నడక రాగానే సైకిలెక్కుతారు. మేయరూ తొక్కుతాడు, దొంగా తొక్కుతాడు. కాకపోతే దొంగ తొక్కేది మన సైకిలు. అయినా తుపాను హెచ్చరిక వచ్చిన రోజు బుద్ధున్న ప్రతివాడూ బస్సెక్కుతాడు. రూలొఫ్ ఎక్కడు.

అంతటితో ఆగినా బాగుండేది. అతని ఇంటి నుంచి మా విత్తన బంగాళాదుంపల కంపెనీకి తిన్నటి దారి ఆరు కిలోమీటర్లు. ఈ మహానుభావుడు పొద్దున్నే ఊరవతలికి పోయి, కాలవ గట్టు చుట్టూ తిరిగి, పద్నాలుగు కిలోమీటర్లు తొక్కుకుంటూ వస్తాడు. ఆ గట్టు మీద చెట్టూ చేమా లేదు, గాలికి అడ్డూ ఆపూ లేదు. సాయంత్రం మాత్రం బుద్ధిగా ఆరు కిలోమీటర్ల దారిలోనే ఇంటికి పోతాడు. ఆరోగ్యం పొద్దున పూటే దొరుకుతుంది కాబోలు.

ఇంకో విడ్డూరం ఉంది. జూలైలో ఎండ కాసి ఊరు ఊరంతా సైకిళ్ళ మీద పడితే, రూలొఫ్ ఆరు వారాల పాటు బస్సులో వస్తాడు.

“ఎండ పడదా నాయనా నీకు?” అని పక్క బల్ల టీనెకె అడిగింది.

“సైకిలుకీ విశ్రాంతి కావాలిగా,” అన్నాడు.

పుర్రెకో బుద్ధి అని ఆమె ఊరుకుంది. నిజానికి ఊరుకోవడం ఆమె వల్ల కాదు. ఆమెకు కారుంది, దానికి తోడు జాలిగుండె కూడా ఉంది. వాన పడ్డప్పుడల్లా మీ వీధి మీదుగానే వస్తాను, ఎక్కించుకుంటాను అంటుంది. అతను ప్రతిసారీ ఒక కొత్త లాభం చెప్పి తప్పించుకుంటాడు. ఊపిరితిత్తులు శుభ్రపడతాయి. మోకాళ్ళు అరగవు. బుర్ర ఖాళీ అవుతుంది. ఈ చివరిదాన్ని మాత్రం ఆఫీసంతా ఒప్పుకుంది.

హీటరు మీద అతను రోజూ రెండు జతల చేతి తొడుగులు ఆరేస్తాడు. అందులో ఒక జత మరీ చిన్నది. ఇవెవరికి, బొమ్మకా అని టీనెకె ఎగతాళి చేస్తే, ఊలు కదా, ఉతికితే ముడుచుకుపోయాయన్నాడు. ఒంటరి మనిషి, ఉతకడం చేతకాదు పాపం అనుకుందామె.

గురువారం డైరెక్టరు గెర్బెన్ అతన్ని గదిలోకి పిలిచాడు. దూరాన ఎమ్మెన్ ఊళ్ళో ఉన్న శాఖకి పెద్ద కావాలి. రూలొఫ్ పదకొండేళ్ళుగా కలలు కన్న కుర్చీ అది. జీతం బాగా పెరుగుతుంది, కంపెనీ కారు కూడా ఇస్తుంది. ఒక్కటే షరతు, పొద్దున ఏడున్నరకల్లా అక్కడ ఉండాలి. శుక్రవారం సాయంత్రంలోగా ఒప్పుకోకపోతే కుర్చీ ఇంకొకరిది.

ఆ మధ్యాహ్నం రూలొఫ్ తన జున్ను రొట్టె ముట్టలేదు. గెర్బెన్ ఇచ్చిన, కారు బొమ్మ ఉన్న ఒప్పందం కాగితాన్ని మడిచాడు, విప్పాడు, మళ్ళీ మడిచాడు. సీట్లు కూడా వెచ్చబడతాయట. సంతకం పెట్టడానికి మూడుసార్లు పెన్ను తీశాడు. ఆశ లేని మనిషేం కాదు.

శుక్రవారం సాయంత్రం గెర్బెన్ గదికి వెళ్ళాడు.

“నాకొద్దండీ.”

“ఎందుకు?”

“సైకిలు తొక్కితే...”

“గుండెకి మంచిది. తెలుసు,” అన్నాడు గెర్బెన్. “నేనూ నలభై ఏళ్ళుగా తొక్కుతున్నా. ఎవడు కాదన్నాడు? ఆదివారం తొక్కుకో.”

“ఆదివారం పనికిరాదండీ. పొద్దున ఏడున్నరకే తొక్కాలి.”

గెర్బెన్ అతని మొహంలోకి పరీక్షగా చూశాడు. ఎక్కడా పిచ్చి కనబడలేదు. దాంతో ఆయనకి ఇంకా భయమేసింది.

కుర్చీ ఎవరో కొత్తవాడికి పోయింది. కాళ్ళ దగ్గరికొచ్చిన అదృష్టాన్ని పెడలుతో తన్నినవాణ్ణి ఇప్పుడే చూస్తున్నానని టీనెకె కాఫీ దగ్గర అందరికీ చెప్పింది. ఇంట్లో గడ్డి పెట్టే మనిషి లేకపోతే ఇంతేనని అందరూ కలిసి తేల్చారు. రూలొఫ్ విననట్టు కాఫీ తాగాడు. ఖాళీ కప్పుని మాత్రం రెండుసార్లు కడిగాడు. పదకొండేళ్ళు తక్కువేం కాదు.

సోమవారం పొద్దున ఏడున్నర. ఇంకా పూర్తిగా తెల్లవారలేదు. సన్నటి వాన, మొహం మీద కొట్టే గాలి. రూలొఫ్ కాలవ వంతెన దగ్గర సైకిలాపి, ఒక కాలు నేల మీద ఆనించి, చిన్న చేతి తొడుగుల జతను కోటు లోపల వెచ్చబెట్టుకుని నిలబడ్డాడు.

వేరుగా ఉంటున్న వాళ్ళమ్మ ఇంటి వైపు నుంచి బడి సంచితో తొక్కుకుంటూ వచ్చిన పదమూడేళ్ళ కూతురి వీపు మీద చెయ్యి వేసి, గాలికి ఎదురు నెడుతూ అతను పక్కనే సాగుతుంటే, “మెల్లగా తొక్కు నాన్నా, బడి వచ్చేస్తుంది,” అంది ఆ పిల్ల.