వియ్యంకుడి పాలవ్యాను

వియ్యంకుడి ఇంట్లోంచి పాలవ్యాను కొట్టేయాలని పళ్ల డాక్టరు నిశ్చయించుకున్నాడు. అడిగితే ఇవ్వలేదు మరి.

వ్యానంటే బొటనవేలంత. లోహంతో పోతపోసిన పాతకాలపు బొమ్మ, మీగడ రంగుది. వియ్యంకులిద్దరికీ ఒకటే పిచ్చి. గది నిండా బల్లలు వేసి, వాటి మీద చిన్న పట్టాలు పరిచి బొమ్మ రైళ్లు నడపడం, స్టేషను బయట నిలబెట్టడానికి ఆ కొలతకు సరిపోయే పాత బొమ్మ బళ్లు, ఒక్కోటి లక్షలు పలికినా సరే, వెతికి తేవడం. అసలు సంబంధం కుదిరిందే ఆ రైళ్ల దగ్గర. పిల్లాపిల్లాడూ ఒకరినొకరు తర్వాత చూసుకున్నారు.

డాక్టరుకూ ఒక ఎర్ర ఫైరింజను ఉంది. పొద్దున్నే దాన్ని మెత్తటి గుడ్డతో తుడవనిదే ఆయనకు కాఫీ గొంతు దిగదు. అయినా కన్ను మాత్రం వియ్యంకుడి వ్యాను మీదే.

"పిల్లనే ఇచ్చాను బావగారూ, వ్యాను మాత్రం అడక్కండి" అనేశాడు వియ్యంకుడు.

ఆయన గడియారాలు బాగుచేసేవాడు. కళ్లకు శుక్లాలు ముదిరి, భూతద్దం పెట్టుకున్నా ముల్లు కనిపించక, కొట్టు మూసేశాడు. డాక్టరు ధైర్యమంతా అదే.

ఆ ఆదివారం వియ్యంకుడు కాఫీ కలపడానికి లోపలికి వెళ్లగానే డాక్టరు జేబులోంచి డబ్బా తీశాడు. అందులో పళ్లకు అచ్చు తీసే ముద్ద. వ్యానును ముందు ఒకవైపు, తర్వాత రెండోవైపు అందులో అదిమాడు. ముప్పై ఏళ్లుగా వేల నోళ్లలో అచ్చులు తీసిన చెయ్యి అది.

"నొప్పేం ఉండదు, కదలకండి" అన్నాడు అలవాటుకొద్దీ.

"ఎవరితో బావగారూ?" వంటింట్లోంచి కేక.

"మీతోనే. పంచదార తగ్గించమంటున్నాను."

క్లినిక్ వెనక గదిలో కోడలి ల్యాబు. కట్టుడు పళ్లు చేయడంలో ఆమెకు ఆమే సాటి. నోట్లో ఏ పన్ను సొంతమో, ఏది పెట్టుడుదో ఆ నోరున్నవాళ్లే చెప్పలేరు.

"ఓ పేషెంటు ఇచ్చాడమ్మా. ఈ బొమ్మకు జత కావాలిట. పోసిపెడతావా?"

కోడలు అచ్చును చాలాసేపు తిప్పి తిప్పి చూసింది. "రంగేమిటి మావయ్యగారూ?"

"మీగడ రంగు."

"తలుపు మీద ఈ సొట్ట కూడా ఉండాలా?"

"ఉండాలి, ఉండాలి. అదీ ఆయన ముచ్చట."

నాలుగో రోజుకల్లా వ్యాను తయారైంది. కన్నతండ్రి సొత్తును పోల్చుకోలేకపోయిందే పిచ్చిపిల్ల అని డాక్టరు జాలిపడ్డాడు. పై ఆదివారం కాఫీ వేళకు ఒకటి జేబులోకి, ఒకటి బల్ల మీదికి మారిపోయాయి.

దొంగసొత్తుతో చిక్కేమిటంటే, దాన్ని నలుగురిలో పెట్టుకోవడానికి లేదు. అందుకని వ్యాను క్లినిక్ అలమరలో, పీకిన జ్ఞానదంతాల సీసా వెనక దాక్కుంది. పేషెంటుకూ పేషెంటుకూ మధ్య డాక్టరు దాన్ని తీసి, అరచేతిలో అటూ ఇటూ నడిపించుకుని, మళ్లీ దాచేసేవాడు.

మూడు వారాలు గడిచాక వియ్యంకుడు క్లినిక్‌కే వచ్చాడు. జేబురుమాలు మడత విప్పి వ్యాను తీసి డాక్టరు చేతిలో పెట్టాడు.

"ఎల్లుండి కంటి ఆపరేషను బావగారూ. వ్యాను ఇక మీదే. అంత మనసుపడి అడిగితే పిసినారిలా మాట్లాడాను, ఏమీ అనుకోకండి. మీ దగ్గరుంటే నా దగ్గరున్నట్టే. చూపొచ్చాక వచ్చి తనివితీరా చూసుకుంటాను."

ఆయన్ని గుమ్మం దాకా సాగనంపి వచ్చి, జ్ఞానదంతాల సీసా వెనక ఉన్నదాని పక్కనే డాక్టరు దీన్నీ పెట్టాడు.

ఆ మధ్యాహ్నం ఆయన భోజనానికి వెళ్లలేదు. ల్యాబులోకి వెళ్లి, కోడలి ముందు రెండు వ్యాన్లూ పక్కపక్కన పెట్టి, జరిగిందంతా చెప్పేశాడు. చెబుతుంటే కళ్లజోడు మసకబారింది.

"రేపే వెళ్లి మీ నాన్న కాళ్ల మీద పడతానమ్మా. రెండూ ఆయన చేతుల్లోనే పెడతాను. చూపొచ్చాక భూతద్దం పెట్టి, ఏది తనదో తనే తేల్చుకుంటాడు. తిట్టినా పడతాను, కొట్టినా పడతాను."

కోడలి చేతిలోని మైనం కత్తి జారి కింద పడింది. ఆమె లేచి తలుపు గడియ పెట్టింది.

"భూతద్దం దాకా వద్దు మావయ్యగారూ."

"నీ మంచితనం కొద్దీ అంటున్నావు తల్లీ. దొంగతనం దొంగతనమే."

"మీరు దొంగ కారు. మీరు మార్చి తెచ్చింది కూడా నేను పోసిందే. పని నేర్చుకునే రోజుల్లో చేసింది, చక్రాల దగ్గర సరిగ్గా కుదర్లేదు. నాన్నకు చూపొస్తే క్షణంలో పట్టేస్తారు."

డాక్టరు వంగి చక్రాల వైపు చూశాడు. నిజమే, కుదర్లేదు.

"మరి అసలుదేదమ్మా?"

కోడలు తల వంచుకుంది.

"పెళ్లయిన ఏడాదే అమ్మేశాను, మీ ఫైరింజనుతో కలిపి. లేకపోతే ఈ ల్యాబు ఎక్కణ్ణించి వచ్చిందనుకున్నారు మావయ్యగారూ?"