పెద్దమ్మ తలూపింది

ఉప్పల్‌లో ఇంటి ఓనరు అనంతలక్ష్మి నలభై రోజుల మౌనవ్రతం పట్టిన నాడే, మేడ మీది గదిలో అద్దెకుండే భూషణానికి ధైర్యం వచ్చింది.

అతనిది ఇంజనీరింగ్ ఆఖరి సంవత్సరం. నోరు పెగలక అప్పటికే రెండు ఇంటర్వ్యూలు పోయాయి. "రోజూ ఎవరినైనా ఎదురుగా కూర్చోబెట్టుకుని ఇంగ్లీషులో మాట్లాడు" అన్నారు కాలేజీలో కమ్యూనికేషన్ స్కిల్స్ చెప్పే సారు. నవ్వకుండా, అడ్డు తగలకుండా వినేవాళ్లు ఇంకెవరు దొరుకుతారు?

రోజూ పొద్దున ఆమె జపమాల తిప్పుతుంటే, భూషణం టై కట్టుకుని ఎదురుగా కూర్చునేవాడు. తన గురించీ, తన ఆశయాల గురించీ, డీజిల్ ఇంజన్ గురించీ ఇంగ్లీషులో చెప్పేవాడు. ఆమె చిరునవ్వుతో తలూపేది.

నాచారం ఫ్యాక్టరీలో ఇంటర్వ్యూ ఉన్న రోజు, మధ్యాహ్నానికే మైసూర్‌పాక్ పొట్లంతో తిరిగి వచ్చాడు.

"ఉద్యోగమొచ్చింది పెద్దమ్మా. నన్ను ఒక్క ముక్క మాట్లాడనియ్యలే. మేనేజరే గంటసేపు మాట్లాడిండు. నేను మీ లెక్కనే నవ్వుకుంట తలూపిన. నీ కమ్యూనికేషన్ మస్తుందన్నడు."

అనంతలక్ష్మి జపమాలను కళ్లకద్దుకుని పక్కన పెట్టింది.

"మంచిది బిడ్డా. నా వ్రతం అయిపోయి పన్నెండు రోజులాయె. నేను మాట్లాడితే నీకు మల్ల నోరు పెగలదేమోనని, కూరగాయలు గూడ సైగలతోనే కొంటున్న. ఇగ కూసో. పన్నెండు రోజుల మాటలున్నయి."

భూషణం కూర్చుని, చిరునవ్వుతో తలూపడం మొదలుపెట్టాడు.